‘కాలక్రమేణా’ అని రాయకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ యూనివర్సిటీ పిల్లలు నడిపిన ఆన్‌లైన్ పత్రిక చరిత్ర అంటూ నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ చదివాను. మూడో పేజీలో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాను. ‘కాలక్రమేణా పత్రిక కనుమరుగైంది’ అని రాశావు.

కాలం ఏ పత్రికనీ మూసెయ్యదమ్మా. ఎవరో డబ్బు కట్టలేదు, ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోయారు. డొమైన్, అదే ఆ వెబ్‌సైట్ అడ్రసు, ఏ సీనియర్ పేరు మీదో ఉండి ఉంటుంది. అతను పీజీ అవగానే హైదరాబాద్ పోయి ఫోన్ నంబరు మార్చేసి ఉంటాడు. రెన్యువల్ చెయ్యమని వచ్చిన మెయిల్ ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది. రెండేళ్లకోసారి మనుషులంతా మారిపోయే చోట ఇలాగే జరుగుతుంది. ఆ మనిషెవరో వెతికి పట్టుకుని అడిగావా? మొదటి సంచిక ఏ ఏడు వచ్చిందో కూడా ఎక్కడా లేదు. ప్రారంభసభకి వచ్చిన పెద్దల పేర్లకి మాత్రం పేజీన్నర!

వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని మొదలెట్టినప్పుడు అచ్చు మద్రాసులో. రాజమండ్రిలో రాసింది అంత దూరం వెళ్లి అచ్చయి రావాలి. అలా ఎన్నాళ్లని, చివరికి రాజమండ్రిలోనే ప్రెస్సు పెట్టుకున్నారు. ఆ అచ్చు తిప్పలు తెలియకపోతే ఆ పత్రిక గురించి మనకి మిగిలేది ఆశయాల జాబితాయే. ఆశయాలు అందరివీ ఒకటేలే.

నా సంగతి చెప్తాను విను. మాది లంక ఊరు. కాలేజీలో ఉండగా నలుగురం కలిసి సైక్లోస్టైల్ పత్రిక తెచ్చాం. నకళ్లు తీయడానికి పేజీకొకటి చొప్పున స్టెన్సిల్ అనే మైనం కాగితం మీద ఇనప కలంతో గీకి గీకి వేలు కాయకట్టింది. 1986 ఆగస్టు గోదావరి వరదలో ట్రంకుపెట్టెతో సహా సంచికలన్నీ పోయాయి. మిగిలింది లెక్కల నోటు పుస్తకం ఒక్కటే. మా అమ్మ అందులోనే వెనక నుంచి పాల లెక్క రాసుకునేది, అందుకని అటక మీద పెట్టింది. రెండో సంచికకి పన్నెండు స్టెన్సిళ్లు, మూడోదానికి ఎనిమిదే. ఎందుకు తగ్గాయా అని ఆలోచిస్తే, మాలో ఒకడు ఆ నెల వాటా డబ్బు పరీక్ష ఫీజు కట్టుకున్నాడని గుర్తొచ్చింది. వాడి కథ నాలుగు పేజీలు ఉండేది, అదే ఆగిపోయింది. వాడు మళ్లీ కథ రాయలేదు. మా పత్రిక చరిత్ర రాయాలంటే నేను అక్కణ్ణుంచే మొదలెడతాను.

ఈ ‘కాలక్రమేణా’ రోగం నీది కాదులే, సంపాదకులు అంటించింది. ఒక వారపత్రికాయన నా కథలో చివరి పేరా కోసేసి తలనూనె ప్రకటన వేశాడు. అడిగితే ‘ముగింపు పాఠకుడికి వదిలేశామండి’ అన్నాడు. ఇప్పటివాళ్లు ఇంకో రకం. ‘సార్, కంటెంట్ కాస్త క్రిస్ప్‌గా ఉండాలి’ అంటారు. క్రిస్ప్‌గా ఉండడానికి అదేమన్నా జంతికా?

ఐదో పేజీలో ‘సాంకేతిక కారణాల వల్ల పాత సంచికలు చదవడానికి వీలుకావడం లేదు’ అన్నావు. ఇది కాలక్రమేణాకి తమ్ముడు. నువ్వు అతికించిన ఆ పిచ్చి గీతలు చూశాను, అవి డీటీపీవాళ్లు వాడే ‘అను’ అనే పాతరకం ఫాంట్లలో కొట్టినవి అయ్యుంటాయి. ఆ పద్ధతిలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఫాంటు లేని చోట బొమ్మ ఊడిపోతుంది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. మామూలువాళ్ల కంప్యూటర్లలోకి 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. దాంతో వచ్చిన తెలుగు ఫాంటు పేరేంటో తెలుసా? గౌతమి! మన గోదావరి పాయ పేరే. అయినా డీటీపీవాళ్లు ‘అను’ వదల్లేదు, వాళ్లు పేజీలు అమర్చే పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు నడవదు మరి. అంచేత నీ సంచికలు పోలేదు, ‘అను’ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి చూడు. పత్రిక పాత అడ్రసు తెలిస్తే, పాత వెబ్ పేజీల్ని దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో కూడా కొట్టు. అన్నీ దొరకవుగానీ, దొరికిన ప్రతి పేజీకీ అది ఏ రోజు దాచిందో ఉంటుంది. నీ వ్యాసంలో లేని తేదీలు అక్కడున్నాయి. 1998లో అమెరికా తెలుగువాళ్లు మొదలెట్టిన ‘ఈమాట’ వెబ్ పత్రిక పాత సంచికలు ఇవాళ్టికీ చదువుకోవచ్చు. ఎవరో ఒకరు కూర్చుని వాటిని కాపాడారు కాబట్టే.

తొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘ధవళేశ్వరం నుంచి వచ్చే ఒక అక్క బస్సులో నిలబడే ఫోన్‌లో ప్రూఫులు దిద్దేది.’ అది రెండుసార్లు చదివాను. ఒక్క వాక్యంతో వదిలేశావేం? ఆవిడ ఏ తప్పులు దిద్దేది, ఎవరితో పోట్లాడేది, ఎప్పుడు మానేసింది? ఆ పెద్దల పేజీన్నర తీసేసి ఆవిడకివ్వు.

ఇంగ్లీషులో కూడా రాయమంటారా, పుస్తకం వెయ్యడానికి ఎంతవుతుంది అని ఏవేవో అడిగావు. వాటి సంగతి తర్వాత.

వీలుంటే ఓ ఆదివారం రా. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగి ఫోన్ చెయ్యి, మా మనవణ్ణి బండేసుకుని పంపిస్తాను. ఎర్రనీళ్లు వస్తే పంటు ఆపేస్తారు, ముందే కనుక్కో. నోటు పుస్తకం చూపిస్తాను, ఇంటికి మాత్రం ఇవ్వను. అటక ఎక్కడం ఇప్పుడు నా వల్ల కాదు, నువ్వే ఎక్కి తీసుకోవాలి.