'లాకు'లో లాగడం ఉందా?

సందేహం: మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. మా వైపు 'లాకుల దగ్గర దిగండి' అంటుంటాం. కాలవ తలుపులు లాగి తెరుస్తారు కాబట్టి 'లాగు' నుంచే 'లాకు' వచ్చిందని మా మాస్టారు అంటారు. నిజమేనా? మా ఊరి గురించి వ్యాసం రాస్తున్నాను, లాకు అని రాయొచ్చా?

సమాధానం: మాస్టారి ఊహ ముచ్చటగానే ఉందిగానీ నిలబడదండీ. 'లాగు' నుంచి నామవాచకం చేస్తే లాగుడు అవుతుంది, లాకు కాదు. మరి 'లాక్కొచ్చాడు'లో కకారం వినిపిస్తోందే అంటారేమో, అది 'లాగికొని' కుదించుకుపోతే మిగిలిన 'కొని'లోని కకారం.

ఇది ఇంగ్లీషు లాకే. పాత ఇంగ్లీషులో ఆ మాటకి గడియ, మూసే అడ్డు అని అర్థం, తలుపు తాళమూ కాలవ లాకూ అందులోంచి వచ్చినవే (జుట్టుపాయని కూడా లాక్ అంటారు, అది వేరే మాట). మనకి కాటన్ దొర కాలవలతో వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, ఆ కాలవలు సాగుకే కాదు, పడవలకీ దారి. నేల సముద్రం వైపు వాలుగా దిగుతుంది కాబట్టి కాలవ మెట్లుమెట్లుగా పోవాలి, పడవ మెట్టు దిగలేదు కదా, అందుకని రెండు జతల తలుపుల మధ్య దాన్ని ఆపి, నీళ్ళు తగ్గించో పెంచో అవతలికి పంపేవారు. ఆ కట్టడమే లాకు.

పడవలు పోయాయి, మాట మిగిలింది. ఇప్పుడు కాలవ నీళ్ళని అదుపుచేసే రెగ్యులేటర్నీ, షట్టర్లనీ కూడా లాకులే అంటున్నారు, 'లాకులెత్తారు' అంటే నీళ్ళొదిలారని. ఇంజనీర్లు ఒప్పుకోకపోవచ్చు, నాకైతే అభ్యంతరం లేదు. ఎవరైనా బావురుమంటే 'లాకులెత్తేసింది' అనే దాకా వచ్చాక అది తెలుగు మాట కాదంటే ఎలా? కాకపోతే ధవళేశ్వరం బ్యారేజీకున్న 175నీ గేట్లనే అనండి, అవి పడవల దారి కావు.

రాతలో కాలవదైతే 'లాకు', బహువచనం 'లాకులు'. బస్సు, బ్యాంకుల్లాగా పాత అరువు కాబట్టి చివర ఉకారం తెచ్చుకుంది. ఫోనుదైతే 'లాక్' చాలు, నిన్నమొన్న వచ్చినదానికి ఉకారం పట్టలేదు. మీ ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకుల్ని మాత్రం 'లొల్ల జలబంధం' అని మార్చకండి, ఆటోవాడు ఎక్కడ దింపుతాడో తెలీదు.