కొట్టినా చిగురించే సర్కారు తుమ్మ: మందు పడాల్సింది మొదలు మీద

ప్రశ్న: మా గొర్రెలు మేసే నాలుగెకరాల బీడును సర్కారు తుమ్మ కమ్మేసింది. నిరుడు కొట్టించాం, ఇంకా గుబురుగా వచ్చింది. 2,4-డి కలుపు మందు పిచికారీ చేస్తే ఆకు మాడి మళ్లీ చిగురించింది. ఏ మందు వాడాలి? – ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: ఈ చెట్టు ప్రాణం ఆకులో లేదు. నేల మట్టానికి కాస్త కిందున్న మొదట్లో నిద్రాణంగా మొగ్గలుంటాయి. పైన కొట్టినా, ఆకు మాడినా అవి మేల్కొంటాయి. అందుకే ఒక్క కాండం ఉన్నచోట అయిదారు లేచాయి. పైగా 2,4-డిలో ఎస్టర్ రకం ఎండకు ఆవిరై గాలికి కొట్టుకుపోతే పక్క చేలో వేరుశనగ, కంది, టమాటా దెబ్బతింటాయి. దాన్ని ఇక వాడకండి.

మొదలు దగ్గర బెరడు గుండా దిగే మందు ట్రైక్లోపైర్ ఎస్టర్ (48 శాతం ఈసీ, అంటే చిక్కటి ద్రవరూప మందు). దీన్ని నీళ్లలో కాదు, డీజిల్‌లో కలపాలి. నీళ్ల మందు బెరడు దాటదు. బెరడు నునుపుగా ఉన్న లేత చెట్లకు 150 మి.లీ. మందు, 850 మి.లీ. డీజిల్, గరుకు బెరడుకు 250 మి.లీ. మందు, 750 మి.లీ. డీజిల్. నేల నుంచి అడుగు ఎత్తు వరకు ప్రతి కాండాన్నీ చుట్టూ తడపాలి. ఒక్క పక్క వదిలినా ఆ వైపు నుంచే చిగురొస్తుంది. మందు కారి నేలలో మడుగు కట్టకూడదు. వాన తడి ఉన్న బెరడుపై వేస్తే వృథా.

లావుపాటి చెట్లను నేలమట్టంగా కోసి, ఆ మొద్దు పైభాగం, అంచు, పక్కలు మట్టి దాకా 150 మి.లీ. పాళ్ల మందుతో వెంటనే తడపండి. కోసేవారి వెనకే మందు వేసే మనిషి ఉండాలి. పొద్దున కోసి సాయంత్రం వేస్తే లోపలికి దిగదు.

కొనేముందు లేబుల్‌పై ఈ వాడకానికి అనుమతి ఉందో లేదో మండల వ్యవసాయాధికారితో చూపించుకోండి. మందలను ఎన్నాళ్లు దూరం ఉంచాలో కూడా లేబుల్ చెబుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకాన్ని 2022 అక్టోబరులో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది, కాబట్టి దుకాణంలో ఎవరిచ్చినా తీసుకోకండి. చేతి తొడుగులు తప్పనిసరి, దగ్గర్లో బీడీ, నిప్పు వద్దు. గట్ల మీది జమ్మి దీనికి దగ్గరి బంధువే, దానిపై మందు పడనీయకండి.

మందు దొరక్కపోతే గడ్డపారతో అడుగు లోతున మొదలు మొత్తం తవ్వి తీయండి. కింది వేర్లు మిగిలినా ఫర్వాలేదు. నాలుగెకరాలకు ఇది కష్టమైనా, పలచగా ఉన్నచోట నేను మొదట చెప్పేది ఇదే.

మీ గొర్రెలే దీన్ని పెంచుతున్నాయి. కాయ తింటాయి, గింజ పేడలో మొలకెత్తుతుంది. కాయ మేసిన మందను శుభ్రం చేసిన బీడులోకి తోలేముందు వారం దొడ్డిలో ఉంచండి. తొలకరికి ఖాళీలో అంజన్ గడ్డి, స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం) గింజలు చల్లండి. వచ్చే ఏడాది వానల తర్వాత నడిచి చూసి, మొలకలను వేలెడంత ఉన్నప్పుడే పీకేయండి.