చెయ్యి నిలవని పిల్లలకు కంప్యూటర్లో లెక్కలు: మా ఇంట్లో పనికొచ్చినవి

మీ బాబుకు సెరిబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి), నాలుగో తరగతి, పెన్సిల్ పట్టు నిలవదు, లెక్కలకు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడిగారు. మాది పర్లాకిమిడి, మా పాపదీ ఇదే సమస్య. దయచేసి ఇప్పుడే డబ్బు పెట్టి ఏమీ కొనకండి. నేను తొందరపడి ఒక ఖరీదైన ప్యాకేజీ తెచ్చాను, తీరా చూస్తే అందులో బొమ్మల్ని మౌస్‌తో లాగి పెట్టాలి, మా పాపకు రానిదే అది.

పాపకు లెక్క వచ్చండి. 47, 38 కలిపితే ఎంతమ్మా అంటే "ఎనభై అయిదు నాన్నా" అని నోటితో ఠక్కున చెప్పేది. కాగితం మీదే 5 వెళ్లి పదుల కింద పడేది, బడిలో తప్పు కొట్టేసేవారు. రెండేళ్లు అలాగే పోయాయి, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మాకు దారి దొరికింది ఎక్సెల్‌లో. గడికి ఒక్క అంకె, గడులు పెద్దవి చేసి అంకెల సైజు 36 పెట్టాను. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్తే ఎంటర్ కొట్టాక కర్సర్ ఎటు వెళ్లాలో అడుగుతుంది, దాన్ని ఎడమకి మార్చండి. కూడిక కుడి నుంచి ఎడమకే కదా చేస్తాం, ఒకట్ల కింద 5 వేసి ఎంటర్ కొడితే పదుల గడిలోకి అదే వెళ్తుంది. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్‌లోనూ ఈ సెట్టింగ్ ఉంది. మొదటి రోజు పాప వరసగా పదకొండు కూడికలు చేసి గానీ లేవలేదు, అన్నం అక్కడే తినిపించాం.

వేలు తీయడం ఆలస్యమై 5555 పడుతుంటే విండోస్‌లోనే ఉండే ఫిల్టర్ కీస్ ఆన్ చేయండి. షిఫ్ట్‌తో కలిపి నొక్కాల్సిన వాటికి స్టిక్కీ కీస్ పెడితే ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా చాలు. విడిగా అమ్మే యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ తెచ్చి, జారకుండా బల్లకు డబుల్ టేప్‌తో అంటించాను, మామూలు కీబోర్డు కంటే అదే నయం.

ఆటల్లా నేర్పడానికి జీకాంప్రిస్ ఉంది, ఉచితం, రెండు నుంచి పదేళ్ల పిల్లల కోసం చేసింది, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. చెయ్యి అసలు సాయం చేయని పిల్లలకైతే బోస్టన్ కాలేజీ వాళ్లు చేసిన కెమెరా మౌస్ చూడండి, తల కదిపితే బాణం కదులుతుంది, అదీ ఉచితమే.

మీ బాబుకు ఏ చెయ్యి, ఏ వేలు బాగా ఆడుతుందో రాయండి. దాన్ని బట్టి గడులు ఎంత పెద్దవి పెట్టాలో, ప్యాడ్ ఎటువైపు అంటించాలో చెప్తాను.