ఇగువానా కొనమంటున్నాడు మా వాడు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. పదిహేను రోజుల కిందట పిల్లలిద్దరినీ తీసుకుని ఊరి బయట ఒక చిన్న జూకి వెళ్లాం. కొండచిలువను మెడలో వేశారు, ఇగువానా అనే విదేశీ బల్లిజాతి జంతువును చేతిమీద కూర్చోబెట్టారు, మకావ్ అనే పెద్ద చిలుకతో ఫొటోలు తీశారు. మా మూడేళ్ల పాప పామును నిమిరి, చేతులు కడుక్కోకుండానే జంతికలు తినేసింది. పాప బాగానే ఉంది గానీ నాకే టెన్షన్. తొమ్మిదేళ్ల బాబు ఇగువానా కొనమని రోజూ అన్నం దగ్గర పేచీ పెడుతున్నాడు. ఇంకొకటి, ఆ మకావ్‌కు రొమ్ము మీద ఈకలే లేవు. అడిగితే "ఎండలకు రాలతాయమ్మా" అన్నారు. నిజమేనా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: ముందు పాప సంగతి, అమ్మా. ఇన్ని రోజులైనా జ్వరం, విరేచనాలు లేవు కాబట్టి ఇక దిగులు పెట్టుకోకండి. పాములు, తాబేళ్లు, ఇగువానాల ఒంటిమీద, రెట్టలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. వాటికి ఏమీ కాదు, మన కడుపు పాడవుతుంది. సోకితే సాధారణంగా వారంలోపే బయటపడుతుంది. ఐదేళ్లలోపు పిల్లలకు ముదిరే ప్రమాదం ఎక్కువ. అందుకని పాపను ఇంకో రెండేళ్లు దూరం నుంచే చూడనివ్వండి. బాబు ముట్టుకుంటే వెంటనే సబ్బుతో చేతులు కడిగించండి. శానిటైజర్ దానికి సాటి రాదు.

మకావ్ గురించి వాళ్లిచ్చిన జవాబు నాకు నచ్చలేదు. ఈకలు మార్చుకునే పక్షికి అవి కొద్దికొద్దిగా రాలి, కొత్తవి మొలుస్తూ ఉంటాయి. చర్మం బోడిగా బయటపడదు. మీ ఫోన్లో ఉన్న ఆ ఫొటో తెరిచి తల చూడండి. తలమీద ఈకలు నిండుగా ఉండి, రొమ్ము ఒక్కటే బోడిగా ఉంటే అది తన ముక్కుతో తానే పీక్కుంటోందన్నమాట. తలమీదికి దాని ముక్కు అందదు కదా! దక్షిణ అమెరికా అడవుల్లో జంటగా, గుంపుగా తిరిగే పక్షి అది. యాభై ఏళ్లు కూడా బతుకుతుంది. అలాంటిదాన్ని ఒంటరిగా కట్టేస్తే తోచక పీక్కుంటుంది, రోగం వల్ల కూడా కావచ్చు. పక్షుల డాక్టరుకు చూపించమని ఆ జూవాళ్లకు గట్టిగా చెప్పండి.

ఇక ఇగువానా. కొన్నేళ్ల కిందట గుంటూరులో నా క్లినిక్‌కు ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని, చెప్పుల డబ్బాలో ఇగువానాను తెచ్చాడు. కింది దవడను వేలితో నొక్కితే రబ్బరులా వంగింది. "కిటికీ పక్కనే పెట్టామండీ, ఎండ బాగా తగులుతుంది" అన్నాడు. అద్దంలోంచి వెలుతురు, వేడి వస్తాయి గానీ దానికి కావాల్సిన అల్ట్రావయొలెట్-బి కిరణాలు రావు. అవి లేక డి విటమిన్ తయారవదు, అది లేక తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. పైగా రోజూ పాలకూరే పెట్టారట. అందులో ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు, ఉన్న కాస్త కాల్షియాన్ని కూడా ఒంటికి అందనివ్వవు. మునగాకు, మందార పూలు పెట్టాల్సింది. నేను చూస్తుండగా అది పారిపోబోయింది. ఆయన తోక పట్టుకున్నాడు. తోక ఊడి ఆయన చేతిలోనే గిలగిల కొట్టుకుంది. మన బల్లికి లాగానే. మళ్లీ పెరుగుతుంది గానీ లోపల వెన్నుపూసలు రావు. ఆ పిల్ల ఏడుపు నాకింకా వినిపిస్తుంది. దాన్ని నేను బతికించలేకపోయాను.

బాబు చేతిమీద కూర్చున్నది పిల్ల ఇగువానా అయ్యుంటుంది. పెరిగితే తోకతో కలిపి ఐదడుగులు దాటుతుంది. మీ ఫ్లాట్‌లో ఎక్కడ పెడతారు? ఇలాంటి విదేశీ జంతువులను పెంచాలంటే 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాలి. "ఇది ఇగువానానే" అని ఎవరైనా ఉడుమును అంటగడితే ఇంకా పెద్ద చిక్కు. ఉడుము 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జంతువు.

మెడలో వేసింది మన కొండచిలువ కాకపోవచ్చు. ఇలాంటి చోట్ల ఎక్కువగా ఉండేది ఆఫ్రికా జాతి బాల్ పైథాన్. భయం వేస్తే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. జనం నిద్రపోతోంది అనుకుంటారు. అలా చుట్టుకున్నదాన్ని విప్పదీసి ఎవరి మెడలోనైనా వేస్తుంటే వద్దనండి. "పొద్దుట్నుంచి ఎంతమంది పట్టుకున్నారు? దీనికి విశ్రాంతి ఎప్పుడు?" అని అడగండి. మంచి సంరక్షకుడైతే సంతోషంగా చెబుతాడు. కేంద్ర జూ అథారిటీ గుర్తింపు ఉందో లేదో కూడా కనుక్కోండి. అది లేకుండా జూ నడపకూడదు.

బాబుకు జంతువులంటే ఇంత ఇష్టం ఉంది కదా, చలికాలంలో ఒక పొద్దున గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకు తీసుకెళ్లండి. గూడబాతులు చెట్లమీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేప తింటుంది. అది చూపించండి వాడికి. పాప జంతికలు తింటూనే చూడొచ్చు.