డాక్టర్ సలహా: కోరింత దగ్గు టీకా కాన్పయ్యాక వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. రెండో కాన్పు, 29వ వారం. పీహెచ్‌సీలో రెండు టీటీ సూదులు అయిపోయాయి. హన్మకొండలో చూపించుకుంటున్న మేడమ్ ఇప్పుడు కోరింత దగ్గు టీకా వేసుకోమన్నారు. మొదటి కాన్పప్పుడు వేసుకున్నాను, మళ్లీ ఎందుకు? కాన్పయ్యాక వేసుకోకూడదా? జ్వరమొస్తే కడుపులో బిడ్డకు ప్రమాదమా? మా అత్తమ్మకు మూడు వారాల నుంచి దగ్గు. మెడికల్ షాపులో సిరప్, మూడు అజిత్రోమైసిన్ మాత్రలు తెచ్చి వాడినా తగ్గలేదు.

జవాబు: చివర్లో రాశారు గానీ, ముందు మీ అత్తమ్మ సంగతి చూడండి. దగ్గు రెండు వారాలు దాటిందంటే తెమడ పరీక్ష చేయించాల్సిందే. పీహెచ్‌సీలో ఉచితం. టీబీ కావచ్చు, కోరింత దగ్గు కావచ్చు, కొన్ని రకాల బీపీ మాత్రలతోనూ పొడిదగ్గు వస్తుంది. మనిషిని చూడకుండా ఫలానా అని చెప్పలేను. పెద్దవాళ్లలో కోరింత దగ్గుకు, దగ్గి ఊపిరి పీల్చుకునేటప్పుడు వచ్చే ఆ కూత ఉండకపోవచ్చు. మామూలు మొండి దగ్గులా ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరూ అనుమానించరు. పసిగుడ్డుకు అంటించేది ఎక్కువగా ఇంట్లోవాళ్లే.

షాపులో అడిగి తెచ్చుకునే మూడు మాత్రల స్ట్రిప్‌తో మేలు తక్కువ, చిక్కు ఎక్కువ. కోరింత దగ్గుకు అజిత్రోమైసిన్ ఐదు రోజులు వాడాలి, అదీ దగ్గు మొదలైన తొలి రోజుల్లో. పరీక్షకు ముందే మింగితే క్రిమి ఉన్నా దొరక్కపోవచ్చు. ఇక ఆ సిరప్ సీసాను మీ పెద్దబిడ్డకు మాత్రం పోయకండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పసిపిల్లల ప్రాణాలు పోయాయి. అయినా మన దగ్గర షాపు సిరప్ పిల్లలకు పోసే అలవాటు పోలేదు. మీకు దగ్గు మొదలైతే సొంత వైద్యం చేసుకోకుండా వెంటనే మీ మేడమ్‌కు చూపించండి.

ఇక టీకా. మీరు టీటీ అంటున్నది ఇప్పుడు సర్కారు దవాఖానల్లో వేసే టీడీ అయి ఉంటుంది. అది ధనుర్వాతానికి, కంఠసర్పికి. కోరింత దగ్గును ఆపేది అందులో లేదు. అది ఉన్నది టీడాప్‌లో. సర్కారు ఉచిత టీకాల్లో లేదు కాబట్టి బయట కొనుక్కోవాలి. బూస్ట్రిక్స్, అడాసెల్ పేర్లతో దొరుకుతుంది. 27 నుంచి 36 వారాల మధ్య 0.5 ఎంఎల్ ఒక్క డోసు, భుజం కండకు. టీడీ ఈమధ్యే వేయించుకున్నా అడ్డు కాదు, చెయ్యి కాస్త ఎక్కువ వాయొచ్చు. కార్డు చూపించి మేడమ్ చెప్పినట్టు చేయండి.

కాన్పయ్యాక వేసుకుంటే మీకు పనికొస్తుంది, బిడ్డకు కాదు. మీ ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, అవి మాయ గుండా బిడ్డకు చేరడానికి ఇంకొంత టైం కావాలి. అందుకే 36వ వారం దాకా ఆగొద్దంటాం. మొదటి కాన్పప్పటి యాంటీబాడీలు ఈపాటికి బాగా తగ్గిపోయి ఉంటాయి, కాబట్టి ప్రతి కాన్పుకూ వేసుకోవాలి. బ్రిటన్‌లో 2012 నుంచి గర్భిణులకు వేస్తున్నారు. అక్కడ మూడు నెలల్లోపు పిల్లల్లో జబ్బును ఇది దాదాపు 90 శాతం అడ్డుకున్నట్టు తేలింది.

చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. డాక్టర్‌ను అడిగి పారాసిటమాల్ వేసుకోవచ్చు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం ముట్టొద్దు. ఈ నెలల్లో అవి ఉమ్మనీరు తగ్గించొచ్చు, బిడ్డ గుండె దగ్గరి రక్తనాళానికీ మంచిది కాదు. ఇదివరకు ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే, ఇప్పుడు జ్వరం ఉంటే ముందే చెప్పండి. టీకా కొని సంచిలో వేసుకుని ఊళ్లో ఆర్‌ఎంపీతో వేయించుకోవద్దు. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి, పరకాల బస్సులో ఉండదు. దవాఖానలోనే వేయించుకుని పావుగంట కూర్చొని రండి.

పుట్టాక బిడ్డ దగ్గుతూ నీలంగా మారినా, పాలు మానేసినా, దగ్గు లేకుండానే మధ్యమధ్య ఊపిరి ఆగినట్టనిపించినా తెల్లారేదాకా చూడకుండా వరంగల్ ఎంజీఎం దవాఖానకో, దగ్గర్లోని పిల్లల దవాఖానకో తీసుకెళ్లండి. మీ నుంచి వచ్చిన రక్షణ కొద్ది నెలలే. 6, 10, 14 వారాల పెంటావాలెంట్ (కోరింత దగ్గు సహా ఐదు జబ్బులకు పిల్లలకు వేసే టీకా) ఆలస్యం చేయొద్దు. అప్పటికి మీరు అమ్మగారింట్లో ఉంటే ఎంసీపీ కార్డు వెంట ఉంచుకుని అక్కడి ఏఎన్‌ఎంకు చూపించి వేయించండి.