రాత్రిపూట నీ పేజీ తెరిచే మనిషి కోసం

అమ్మడూ,

కౌన్సెలర్‌గా సొంత ప్రాక్టీస్ మొదలుపెడుతున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వెబ్‌సైట్‌కి ఏ రంగులు బాగుంటాయి, ఎన్ని పేజీలు ఉండాలి, ఎవరితో చేయించాలి అని అడిగావు. చెప్తాను. కానీ దానికి ముందు ఒక పని చెయ్యి. డిజైన్లు చూడటం కాసేపు ఆపేసి, నీ పేజీ తెరిచే మనిషిని తలుచుకో. ఇంట్లో అందరూ పడుకున్నాక, ఫోన్ వెలుతురు తగ్గించుకుని, ఎన్నో రోజులు వెనకాముందూ ఆడి చివరికి 'కౌన్సెలర్' అని వెతికిన మనిషి. అప్పటిదాకా ఏడ్చి ఉండొచ్చు. పక్కగదిలో ఎవరైనా లేస్తారేమోనని చెవి అటే పెట్టి ఉండొచ్చు. ఆ మనిషి నీ పేజీ మీద ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపట్లో తనకి తెలియాల్సినవి నాలుగే: నాలాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళని ఈవిడ చూస్తారా, ఎంత అవుతుంది, ఎలా కలవాలి, నేను వచ్చిన సంగతి ఎవరికైనా తెలిసిపోతుందా. వీటికి జవాబులు దొరికితే ఫోన్ చేస్తారు. లేకపోతే పేజీ మూసేస్తారు, మళ్ళీ ధైర్యం కూడగట్టుకోవడానికి నెలలు పట్టొచ్చు.

నా మొదటి సైట్‌లో నేను సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేశాను. హోమ్ పేజీ నిండా డిగ్రీలు, చేసిన కోర్సులు, సీబీటీ, ఈఎండీఆర్, సైకోడైనమిక్ అంటూ పద్ధతుల పేర్లు. తోటి కౌన్సెలర్లు బాగుందన్నారు. తర్వాత్తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్ళు మాత్రం, ఒకరు కాదు చాలామంది, ఆ పేజీ చూస్తే 'ఇంత పెద్దావిడకి నా సమస్య చెప్తే నవ్వుతారేమో' అనిపించిందని చెప్పారు. ఎంత బాధేసిందో! వాళ్ళు ఎలాగో వచ్చారు, అలా అనుకుని రాకుండా ఆగిపోయినవాళ్ళు ఎంతమందో నాకెప్పటికీ తెలియదు.

అందుకే మొదటి పేజీలో వాళ్ళ మాటల్లో రాయి. 'ఆందోళన రుగ్మతలకు చికిత్స' అని కాకుండా, 'పడుకుంటే ఆలోచనలు ఆగడం లేదా? చిన్న విషయానికే కోపం వచ్చేసి తర్వాత సిగ్గేస్తోందా?' అని రాస్తే చదివే మనిషి ఒక్క క్షణం ఆగుతారు, ఇది నా గురించే అనుకుంటారు. అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1957లో రాసిన వ్యాసంలో మనిషి మారడానికి ఆరు షరతులు చెప్పాడు, నువ్వూ చదువుకున్నావు. అందరికీ గుర్తుండేవి సహానుభూతి, షరతుల్లేని ఆదరణ, కౌన్సెలర్ నిజాయితీ. ఆరోదాన్ని మర్చిపోతాం: నీ సహానుభూతీ ఆదరణా కనీసం కొంతైనా అవతలి మనిషికి అందాలి. నీ మనసులో ఎంత ఉన్నా అది అందకపోతే లెక్కలోకి రాదు. ఆ అందించడం నీ గదిలో కాదు, ఈ పేజీ మీదే మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

పద్ధతుల పేర్లు అసలే వద్దని కాదు. సీబీటీ అని రాస్తే పక్కనే 'మన ఆలోచనలు, మన పనులు, మన మనసు ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో కలిసి చూస్తాం' అని ఒక్క ముక్క చేర్చు. నీ చదువు, లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ వివరాలు నీ గురించి చెప్పే పేజీలో స్పష్టంగా ఉండాలి, ఎవరైనా సరిచూసుకోగలిగేలా. ఎందుకంటే కౌన్సెలర్ అని పేరు పెట్టుకుని అర్హత లేనివాళ్ళూ కూర్చుంటున్నారు. ఎవరిని చూడవో కూడా చెప్పు. చిన్నపిల్లలతో పని చెయ్యకపోతే ఆ మాట రాసెయ్యి, మందులు రాసేది సైకియాట్రిస్ట్ అనీ నువ్వు కాదనీ రాసెయ్యి. తిప్పి పంపించాల్సి వచ్చే ఫోన్ ముందే తప్పితే వాళ్ళకీ మంచిదే.

ఫోటో నీదే పెట్టు, మామూలుగా కూర్చుని కెమెరా వైపు చూస్తున్నది. తల పట్టుకుని చీకట్లో కూర్చున్న మనిషి బొమ్మలు దయచేసి వద్దు, బాధలో ఉన్నవాళ్ళకి బాధ బొమ్మ చూపించి ఏం లాభం? ఫీజు తప్పకుండా రాయి. చాలామంది మొహమాటపడి 'వివరాలకు సంప్రదించండి' అని వదిలేస్తారు. డబ్బు గురించి అడగడానికే సిగ్గుపడే మనిషి అక్కడే ఆగిపోతారు. ఫీజు ఎంత, సెషన్ ఎంతసేపు (మామూలుగా 45 నుంచి 50 నిమిషాలే కదా), రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, తగ్గింపు ఇచ్చే వీలు ఉందా లేదా, అంతే.

మొదటి రోజు ఏం జరుగుతుందో చెప్పే పేజీ ఒకటి విడిగా ఉండాలి. నా సైట్‌లో ఎక్కువమంది చదివామని చెప్పేది ఆ పేజీనే. నేను ఏం అడుగుతాను, చెప్పడం ఇష్టం లేనివి చెప్పక్కర్లేదు, ఏడుపొస్తే ఏడవొచ్చు, ఒక్కసారి కలిసి నచ్చకపోతే మళ్ళీ రాకపోయినా ఏమీ అనుకోను అని రాశాను. గోప్యత గురించీ అక్కడే రాయి, కానీ 'అంతా రహస్యంగా ఉంటుంది' అని గుడ్డిగా హామీ ఇవ్వకు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పిల్లలకి హాని జరుగుతున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు నువ్వు నోరు విప్పాల్సి రావొచ్చు. ఆ హద్దులు నువ్వున్న చోటి చట్టం ఎలా చెప్తే అలా, తేలిక మాటల్లో ముందే చెప్పెయ్యి. హద్దులు తెలిసిన నమ్మకమే నిలబడుతుంది.

ఇక అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టే విషయం. సంప్రదించే ఫారమ్‌లో 'మీ సమస్యను వివరంగా రాయండి' అని పెద్ద పెట్టె పెట్టకు. అర్ధరాత్రి మనసు బరువుగా ఉన్నప్పుడు ఆ పెట్టె కనిపిస్తే మనుషులు ఎవరికీ చెప్పనివన్నీ అందులో కుమ్మరిస్తారు, తెల్లారాక ఎందుకు రాశానా అని కుమిలిపోతారు. అదంతా నీ ఈమెయిల్‌లో పడి ఉంటుంది, కొన్ని ఫారమ్ ప్లగిన్లయితే (సైట్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు) సైట్ డేటాబేస్‌లో ఇంకో కాపీ కూడా దాచుకుంటాయి. అడ్రస్ https అని మొదలవుతుంది కదా అంటావేమో. ఆ హెచ్‌టీటీపీఎస్ కాపాడేది దారిలో మాత్రమే, చేరిన తర్వాత ఎక్కడ నిల్వ ఉంటుందో దానికి సంబంధం లేదు. ఏ పేరుతో పిలవమంటారు, ఫోన్ చెయ్యనా మెసేజ్ పెట్టనా, ఏ టైమ్‌లో అయితే ఇబ్బంది ఉండదు, ఈ మూడూ చాలు. ఎన్ని రోజుల్లో జవాబిస్తావో పక్కనే రాసి, ఆ మాట నిలబెట్టుకో.

ట్రాకింగ్, అంటే పేజీ ఎవరు చూశారో కనిపెట్టే సంగతి, ఇంకా ముఖ్యం. 2023లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ మీద చర్య తీసుకుంది. క్లయింట్ల ఈమెయిల్ అడ్రస్‌లు, ఆరోగ్య ప్రశ్నలకి ఇచ్చిన సమాచారం ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకి చేరవేసిందన్నది ఆరోపణ, దాంతో ఆ సంస్థ 78 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ సంగతి మనకెందుకు అనుకోకు. నీ డెవలపర్ మంచి ఉద్దేశంతోనే 'ప్రకటనలకి పనికొస్తుంది మేడమ్' అని ఒక పిక్సెల్ (పేజీ ఎవరు చూశారో ప్రకటనల కంపెనీకి చెప్పే చిన్న కోడ్) పెడతాడు. దాంతో కౌన్సెలర్ పేజీ చూసిన మనిషికి ఇంకెక్కడో అలాంటి ప్రకటనలే కనపడటం మొదలవ్వొచ్చు, ఆ ఫోన్ ఇంట్లో ఇంకొకరు కూడా వాడేదైతే? అందుకని మొదటి రోజే చెప్పు: ప్రకటనల పిక్సెల్ వద్దు, చాట్ పెట్టె వద్దు, మ్యాప్ పేజీలో అతికించొద్దు (అవీ బయటి కంపెనీలకి సమాచారం పంపొచ్చు), లింక్ ఇస్తే చాలు.

రిమైండర్ మెసేజ్‌లూ ఇదే దారి. 'రేపు మీ కౌన్సెలింగ్ సెషన్' అని మెసేజ్ వస్తే అది ఫోన్ తెరవకుండానే పైన కనిపిస్తుంది. ఒకసారి నా వైపు నుంచి అలా వెళ్ళిన మెసేజ్ చూడకూడని మనిషి చూశారు. ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాయను, ఈరోజుకీ గుర్తొస్తే గుండె పిండేసినట్టుంటుంది. 'రేపు 4 గంటలకి అపాయింట్‌మెంట్' అని చాలు, అది కూడా పంపమంటేనే.

క్లయింట్ల మెచ్చుకోళ్ళు సైట్‌లో పెట్టొచ్చా అని అడిగావు. వద్దు. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళి ఇప్పటి క్లయింట్లనే కాదు, పాత క్లయింట్లని కూడా అలాంటివి అడగకూడదంటుంది. మన మాట కాదనలేని స్థితిలో ఉన్నవాళ్ళని అడగడం న్యాయం కాదు. గూగుల్‌లో ఎవరైనా తమంతట తామే రివ్యూ రాస్తే, తిట్టినా పొగిడినా, 'మా దగ్గరికి వచ్చినందుకు థాంక్స్' అని జవాబు రాయకు. ఆ ఒక్క మాటతో వాళ్ళు నీ క్లయింట్ అని లోకానికి నువ్వే చెప్పినట్టు.

ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళకి నువ్వు అందుబాటులో ఉండవన్న మాటా, హెల్ప్‌లైన్ నంబరూ ప్రతి పేజీలో కనపడాలి. భారత్‌లో టెలీ మానస్ 14416, అమెరికాలో 988, ఇంకో దేశంలో అయితే అక్కడిది. ఈమెయిల్ ఆటో రిప్లైలో కూడా అదే ఉంచు. గృహహింస కేసులు చూస్తావు కాబట్టి ఎవరైనా పక్కకి వస్తే నొక్కగానే పేజీని వేరే మామూలు సైట్‌కి మార్చేసే బటన్ ఒకటి పెట్టించు, కానీ అది బ్రౌజర్ హిస్టరీని చెరపదని దాని పక్కనే రాయి. లేకపోతే అది లేనిపోని ధీమా ఇస్తుంది.

రంగులు అడిగావు కదా, నీకు నచ్చినవి పెట్టుకో. ప్రశాంతంగా ఉంటుందని లేత గోధుమ రంగు మీద లేత బూడిద అక్షరాలు మాత్రం వద్దు, ఏడ్చిన కళ్ళకి అవి కనపడవు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి, డెవలపర్‌ని అడిగితే చూసి చెప్తాడు. డొమైన్, అంటే సైట్ అడ్రస్, నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తో కొను. నేను అది చేయించినవాళ్ళకే వదిలేసి, వాళ్ళు వ్యాపారం మానేశాక పదేళ్ళుగా అందరికీ ఇచ్చిన అడ్రస్ పోగొట్టుకున్నాను.

ఐదు పేజీలు దాటకు. ఎవరికీ చూపించకముందే మాటలన్నీ కాగితం మీద రాసుకో, డిజైన్ తర్వాత. రాశాక మన వృత్తితో సంబంధం లేని ఒకరికి, పాత ఫోన్‌లో, ఇచ్చి చదవమను. మూడు నిమిషాలయ్యాక ఫోన్ తీసేసుకుని పైన చెప్పిన ఆ నాలుగు ప్రశ్నలూ అడుగు. ఏ ఒక్కదానికి తడుముకున్నా ఆ పేజీ మళ్ళీ రాయాలి. మొదటి పేజీ రాయగానే నాకు పంపు, ఎన్నిసార్లయినా చదువుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ