అక్కర్లేని సాఫ్ట్‌వేర్‌ని వేళ్ళతో సహా తీసెయ్యాలంటే

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ట్రయల్ అయిపోయిన యాంటీవైరస్ ఒకటి, ఎప్పుడొచ్చి చేరిందో తెలియని స్పీడప్ సాఫ్ట్‌వేర్ ఒకటి, అసలు తెరవని వీడియో ఎడిటర్ ఒకటి నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయనీ, తీసేసినా ఏదో ఒక మూల మళ్ళీ కనబడుతున్నాయనీ రాశావు. డబ్బు కట్టక్కర్లేని మంచి టూల్ పేరు చెప్పమన్నావు. చెప్తాను. అయితే ఏ టూల్ వాడావన్న దానికంటే ఏ వరసలో చేశావన్నదే ముఖ్యమమ్మా. చాలా ఏళ్ళుగా నలుగురి కంప్యూటర్లూ చూస్తున్నవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన అన్‌ఇన్‌స్టాలర్‌నే, అంటే దాన్ని తీసెయ్యడానికి ఇచ్చిన ప్రోగ్రామ్‌నే, నడపాలి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్ళి ఫోల్డర్ మొత్తం డిలీట్ కొట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు. ఫోల్డర్ పోతుంది గానీ వెనకాల నడిచే దాని సర్వీసు, వేళకి లేచే షెడ్యూల్డ్ టాస్కు, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోట) రాసుకున్నవి అన్నీ అలాగే ఉండిపోతాయి. వాటిని ఎలా తియ్యాలో తెలిసిన అన్‌ఇన్‌స్టాలరేమో ఆ ఫోల్డర్‌తోనే పోతుంది. ఆ తర్వాత ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్ల లిస్టులో పేరు కనబడుతూనే ఉంటుంది, నొక్కితే ఫైలు లేదంటుంది. అప్పటికే అలా అయిపోయి ఉంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఉచితంగా ఇచ్చే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ నడిపి చూడు.

మొదలుపెట్టే ముందు ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకో, ఏదైనా చెడితే విండోస్‌ని మళ్ళీ ఇప్పటి స్థితికి తేవడానికి. చాలా కంప్యూటర్లలో దానికి కావలసిన సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటుంది, సి డ్రైవ్‌కి ఆన్ చెయ్యాలి. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అయితే ముందుగా లైసెన్సు డీయాక్టివేట్ చెయ్యి. లేకపోతే రేపు ఇంకో మెషీన్‌లో వేసుకోబోతే పరిమితి దాటిందని అడ్డం పడుతుంది. యాప్ డేటా అనే ఫోల్డర్ మామూలుగా కనబడదు. కొన్ని గేమ్‌ల సేవ్‌లు, కొన్నిటి సెట్టింగులు ఉండేది అందులోనే. కావలసినవేమైనా ఉంటే కాపీ తీసి పక్కన పెట్టు.

ఇక టూల్స్. నీలాగా ఒకటో రెండో తియ్యాల్సినవాళ్ళకి నేను రేవో అన్‌ఇన్‌స్టాలర్ ఫ్రీ వెర్షనే చెప్తాను. అది ముందు సాఫ్ట్‌వేర్ సొంత అన్‌ఇన్‌స్టాలర్‌ని నడుపుతుంది, అది అయ్యాక మిగిలినవాటి కోసం వెతుకుతుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. సొంత అన్‌ఇన్‌స్టాలర్ చివర్లో 'ఇప్పుడు రీస్టార్ట్ చెయ్యనా' అని అడిగితే ఒప్పుకోకు. రేవో పని ఇంకా సగమే అయింది. వెనక ఉన్న దాని కిటికీకి వచ్చి మోడరేట్ స్కాన్ ఇవ్వు. రిజిస్ట్రీ కొమ్మలు చెట్టులా పరుచుకుని కనబడతాయి, వాటిలో కొన్ని పేర్లు మాత్రం బోల్డ్‌గా ఉంటాయి. తియ్యాల్సింది ఆ బోల్డ్‌గా ఉన్నవే. మామూలు అక్షరాల్లో ఉన్నవి దారి చూపించడానికి మాత్రమే. అయినా బోల్డ్‌గా ఉంది కదా అని కళ్ళు మూసుకుని అన్నీ టిక్ పెట్టెయ్యకు. ప్రతి వరసలోనూ ఆ సాఫ్ట్‌వేర్ పేరో, కంపెనీ పేరో ఉందా అని చదువు. అదే కంపెనీది ఇంకో సాఫ్ట్‌వేర్ నువ్వు వాడుతుంటే మరీ జాగ్రత్త, రెండూ ఒకే ఫోల్డర్ పంచుకుంటూ ఉండొచ్చు. అడ్వాన్స్‌డ్ స్కాన్ నీకు అవసరం లేదు.

పదీ ఇరవై ఒకేసారి తియ్యాల్సి వస్తే బల్క్ క్రాప్ అన్‌ఇన్‌స్టాలర్ మంచిది. ఓపెన్ సోర్స్, ప్రకటనలుండవు. మిగిలిన ఫైళ్ళని చూపించేటప్పుడు ఒక్కోదాని పక్కనా ఎంత నమ్మకంగా తియ్యొచ్చో కూడా చెప్తుంది. అనుమానం అని ఉన్నవాటి జోలికి వెళ్ళకు. గీక్ అన్‌ఇన్‌స్టాలర్ అయితే ఒకే ఒక్క చిన్న ఫైలు, ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. మామూలుగా పోకుండా మొండికేసిన వాటిని బలవంతంగా తీసే ఫోర్స్ రిమూవల్ కూడా ఉంది. ఈ మూడింట్లో ఏది తీసుకున్నా తయారు చేసినవాళ్ళ సొంత సైటు నుంచే దించుకో. వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో పెద్ద డౌన్‌లోడ్ బటన్‌తో కనబడేవి నొక్కితే, ఒకటి తియ్యబోయి రెండు తెచ్చుకున్నట్టవుతుంది.

లిస్టులో మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ అనే పేరుతో ఏడెనిమిది కనబడతాయి. ఏళ్ళ పేర్లతో ఉంటాయి కాబట్టి పాతవేమో అనిపిస్తుంది. వాటిని ముట్టుకోకు. వేరే సాఫ్ట్‌వేర్లు వాటి మీదే ఆధారపడి నడుస్తాయి.

యాంటీవైరస్ సంగతి వేరు. అది డ్రైవర్ల స్థాయిలో పాతుకుపోతుంది కాబట్టి మామూలు టూల్స్‌కి పూర్తిగా లొంగదు. అవాస్ట్, ఈసెట్, మెకాఫీ, నార్టన్ లాంటి కంపెనీలన్నీ వాటిని తియ్యడానికి వేరే రిమూవల్ టూల్ ఉచితంగానే ఇస్తాయి. ముందు మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, తర్వాత ఆ టూల్ నడుపు. కొన్నిటికి సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవి మాత్రమే నడిచేలా విండోస్ లేచే పద్ధతి) వెళ్ళమంటారు, భయపడకు.

స్పీడప్ లాంటివి తీసేశాక కూడా బ్రౌజర్‌లో సెర్చ్ పేజీ మారిపోయి ఉంటే అలాంటి ప్రకటనల చెత్తని ఏరేసే మాల్‌వేర్‌బైట్స్ వాళ్ళ యాడ్‌డబ్ల్యూక్లీనర్ ఒకసారి నడుపు. కింద మూలన 'మీ కంప్యూటర్‌లో వైరస్' అంటూ పెట్టెలు వస్తుంటే అది చాలాసార్లు సాఫ్ట్‌వేరే కాదు. ఏదో సైటుకి నోటిఫికేషన్ అనుమతి ఇచ్చి ఉంటావు. బ్రౌజర్ సెట్టింగుల్లో ఆ సైటుని తీసేస్తే చాలు.

రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్ల మాట మాత్రం మర్చిపో. మిగిలిపోయిన నాలుగు రిజిస్ట్రీ రాతల వల్ల కంప్యూటర్ నెమ్మదించదు. నెమ్మదించేది స్టార్టప్‌లో లేచేవాటి వల్ల, వెనకాల నడిచే సర్వీసుల వల్ల. వాటిని చూడ్డానికి మైక్రోసాఫ్ట్ వారి ఆటోరన్స్ ఉంది. తెరవగానే మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచే ఆప్షన్ పెట్టుకో, లిస్టు సగానికి సగం తగ్గుతుంది. పసుపు రంగు వరసలు కనబడితే, అవి సూచించే ఫైలు ఇప్పుడు లేదని అర్థం. వెంటనే డిలీట్ చెయ్యకు, వరస మొదట్లో ఉన్న టిక్ మాత్రం తియ్యి. వారం రోజులు ఏ ఇబ్బందీ రాకపోతే అప్పుడు తీసెయ్యొచ్చు.

నీ మూడింట్లో యాంటీవైరస్‌తో మొదలుపెట్టు. ఒక్కోదాని తర్వాతా రీస్టార్ట్ చెయ్యి, మూడూ కలిపి తీశావంటే ఏది దేన్ని చెడగొట్టిందో తెలియదు. యాంటీవైరస్ పోగానే విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ యాంటీవైరస్ దానంతట అదే ఆన్ అవ్వాలి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, ఆన్ అయిందని చూసుకున్నాకే మిగతా రెండింటి జోలికి వెళ్ళు.

మీ మావయ్య